కవిత అర్థం ఫోన్ చెబితే: ఇంగ్లీష్ లిటరేచర్ చదువులో ఏఐ

2025 రెండో సగంలో ఏఐ యాప్‌లు మన ఫోన్లలోకి దాదాపు ఉచితంగా వచ్చిపడ్డాయి. జులైలో ఎయిర్‌టెల్ తన కస్టమర్లకు పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది పాటు ఫ్రీ అంది. అదే నెలలో గూగుల్ కూడా కాలేజీ విద్యార్థులకు జెమినై పెయిడ్ ప్లాన్ ఏడాది పాటు ఊరికే ఇస్తానంది. అక్టోబర్ చివర్లో జియో జెమినైని పంచడం మొదలుపెట్టింది. నవంబర్లో ఓపెన్‌ఏఐ తన చాట్‌జీపీటీ గో ప్లాన్‌ను ఏడాది ఉచితం చేసింది. నెలనెలా డబ్బు కట్టలేక ఊరుకున్న పిల్లలకు ఆ అడ్డు కూడా తొలగిపోయింది.

ఈ మార్పు అన్ని సబ్జెక్టులకూ తగిలింది గానీ ఇంగ్లీష్ లిటరేచర్‌కు తగిలిన తీరు వేరు. లెక్క తప్పయితే జవాబు దగ్గర దొరికిపోతుంది. ప్రోగ్రామ్ తప్పయితే రన్ అవదు. కవిత మీద రాసిన వ్యాసం మాత్రం తప్పయినా హాయిగా చదివించుకుంటుంది. పైగా మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. పల్నాడు నుంచో దివిసీమ నుంచో తెలుగు మీడియంలో చదివి వచ్చి, గుంటూరులోనో విజయవాడలోనో హాస్టల్లో ఉండి బీఏ, ఎంఏ ఇంగ్లీష్ చదివే అమ్మాయికి పాతకాలపు ఇంగ్లీషు పద్యం అర్థం కావడం ఒక కష్టం. దాని మీద తప్పుల్లేని ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాయడం మరో కష్టం. ఏఐ రెండు కష్టాలూ ఒకేసారి తీరుస్తానంటోంది. స్టాఫ్ రూముల్లో దీని మీద వాదన వచ్చినప్పుడు, వరం అనేవాళ్లు మొదటి కష్టం గురించి మాట్లాడుతుంటారు, కాపీ అనేవాళ్లు రెండో దాని గురించి మాట్లాడుతుంటారు. అందుకే ఆ వాదన ఎంతకీ తెగదు.

ఏఐ అన్నా అది ఒక్కటి కాదు

సాహిత్యం చదువులో వాడే కంప్యూటర్ పద్ధతులు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి లెక్కపెట్టేది, రెండోది రాసిపెట్టేది.

లెక్కపెట్టేది పాతదే. 1949లో రోబెర్టో బూసా అనే ఇటలీ జెస్యూట్ ఫాదర్ (జెస్యూట్లంటే ఒక క్యాథలిక్ మత సంఘం) అమెరికా వెళ్లి ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ను కలిశాడు. మధ్యయుగపు క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ రచనల్లో ప్రతి మాటా ఎక్కడెక్కడ వచ్చిందో సూచిక తయారు చేయాలి, మీ యంత్రాలు ఇవ్వండి అని అడిగాడు. ఆ పని పూర్తవడానికి దాదాపు 30 ఏళ్లు పట్టింది. అదే దారిలో శైలిని కొలిచే పద్ధతులు వచ్చాయి. రచయిత చిన్నచిన్న మాటలు ఎంత తరచుగా వాడతాడు, వాక్యం ఎంత పొడుగు రాస్తాడు అన్నవాటిని బట్టి ఎవరి రాతో ఊహిస్తారు. 2013లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ పేరుతో వచ్చిన నవల మీద ఒక బ్రిటిష్ పత్రికకు అనుమానం వచ్చి ఇలాగే లెక్క వేయిస్తే, ఆ లెక్కలు హ్యారీ పాటర్ రచయిత్రి జె.కె. రౌలింగ్ వైపు వేలు చూపించాయి. ఆవిడ ఒప్పుకున్నారు. 2016లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ షేక్‌స్పియర్ సంపుటాల్లో ఆరో హెన్రీ మీది మూడు నాటకాలకూ ఆ కాలపు మరో నాటకకర్త క్రిస్టఫర్ మార్లో పేరు సహరచయితగా చేరింది. దానికీ ఇలాంటి కొలతలు ఒక ఆధారం. అందరు పండితులూ ఒప్పుకున్నారని కాదు.

రాసిపెట్టేది 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ బయటికి వచ్చాక అందరికీ తెలిసింది. ఇది కోట్ల పేజీలు చూసి, ఇంతవరకు ఉన్న మాటల తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకుంది. మన ఫోన్ కీబోర్డు తర్వాతి మాట సూచించడం చూస్తుంటాం కదా, ఆ పద్ధతినే ఊహకందనంత పెద్దది చేస్తే వచ్చింది ఇది. అందువల్ల రెండు లక్షణాలు దీనికి పుట్టుకతోనే వస్తాయి. ఎక్కువమంది రాసిన సంగతిని బాగా చెబుతుంది. తక్కువమంది రాసినదాన్ని కూడా అంతే ధీమాగా చెబుతుంది.

ఒక నాటకంలో 'రక్తం' అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో చాట్‌బాట్‌ను అడిగితే, నాటకం అంతా లెక్కపెట్టకుండానే ఒక అంకె చెప్పేయగలదు. అదే పాత పుస్తకాలు పెట్టే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్ నుంచి ఆ నాటకం ఉచితంగా దింపుకుని యాంట్‌కాంక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే సరైన లెక్కతో పాటు ప్రతిచోటా ఆ వాక్యం కూడా చూపిస్తుంది. ఎంఏ ప్రాజెక్టుకు రెండోది అక్కరకొస్తుంది. మన దగ్గర దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. ఏఐ అనగానే అందరి మనసూ చాట్‌బాట్ మీదికే పోతుంది.

గైడు ఉన్నప్పుడు లేని గొడవ ఇప్పుడెందుకు

రెడీమేడ్ జవాబు మనకు కొత్త కాదు. విజయవాడ ఏలూరు రోడ్డు దుకాణాల్లో గైడ్లు, సీనియర్ల నోట్సు జిరాక్సులు తరతరాలుగా ఉన్నాయి. కవి పేరు, పుట్టిన సంవత్సరం, కవిత సారాంశం, చివర్లో 'కవి ఎంతో అందంగా చిత్రించాడు' అన్న ముక్తాయింపు. అది బట్టీపట్టి డిగ్రీ పూర్తి చేసినవాళ్లు లేరంటే నమ్మను. ఏఐ వచ్చి స్వచ్ఛమైన చదువును చెడగొట్టిందనే వాదన నాకు అందుకే మింగుడు పడదు.

తేడా మాత్రం ఉంది. గైడు జవాబు అందరిదీ ఒకటే. పేపర్లు దిద్దే మేడమ్‌కు మూడో పేపర్ దగ్గరే అర్థమైపోయేది. ఏఐ ఇచ్చేది ఒక్కొక్కరికి ఒక్కో మాటల్లో వస్తుంది. ఆలోచన మాత్రం చాలావరకు ఒకటే. ముప్పై మంది ముప్పై రకాలుగా రాసినట్టు కనిపిస్తుంది, చదివితే ఒక్కరు రాసినట్టుంటుంది. ఇంకో తేడా, గైడు బట్టీపట్టాలంటే కనీసం ఒకసారి చదవాలి. అసైన్‌మెంట్‌కు ఏఐ వాడేవాళ్లకు ఆ శ్రమ కూడా ఉండదు.

సాహిత్యం చదవడంలో కలిసిపోయి ఉండే నాలుగు పనుల్ని ఇక్కడ విడదీసి చూడాలి. వాక్యం తాత్పర్యం తెలుసుకోవడం మొదటిది. ఆ కాలం, ఆ దేశం, ఆ పురాణ కథల నేపథ్యం రెండోది. ఈ మాట ఇక్కడే ఎందుకు పడింది, ఈ పాదం ఎందుకు తడబడింది అని గమనించడం మూడోది. గమనించినదాన్ని వాదనగా నిలబెట్టడం నాలుగోది. మొదటి రెండూ ఎవరు చెప్పినా తెలుసుకోవచ్చు. క్లాసులో సార్ తెలుగులో చెప్పేదీ చాలాసార్లు అదే. మూడు, నాలుగు ఎవరికి వారు చేస్తేనే వస్తాయి. గొడవంతా వీటి దగ్గరే.

ఒక కవిత తీసుకుందాం

రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన 'ద రోడ్ నాట్ టేకెన్' తీసుకుందాం. 1915లో పత్రికలో, 1916లో పుస్తకంలో వచ్చింది. అడవిలో దారి రెండుగా చీలితే ఒకడు ఒక దారి ఎంచుకుంటాడు. అందరికీ తెలిసిన అర్థం: తక్కువమంది నడిచిన దారిలో వెళ్లే ధైర్యం చేశాడు, అదే అతని జీవితాన్ని మార్చింది. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో ఈ కవిత వాడేది దీనికే.

కానీ కవిత 9, 10 పాదాల్లో అతనే చెబుతాడు, నిజానికి ఆ రెండు దారులూ మనుషుల నడకకి దాదాపు ఒకేలా అరిగాయని. ఆ ఉదయం రెండింటి మీదా ఆకులు ఒకేలా పరుచుకుని ఉన్నాయి, ఎవరూ తొక్కలేదు. మరి చివర్లో 'తక్కువ నడిచిన దారి' ఎక్కడి నుంచి వచ్చింది? ఆ మాట అతను అప్పుడు అనడం లేదు. ఎన్నో ఏళ్ల తర్వాత, నిట్టూరుస్తూ ఇలా చెప్పుకుంటాను అంటున్నాడు. అంటే ఇది ధైర్యం గురించిన కవితా, లేక ఊరికే చేసిన ఎంపికకు తర్వాత గొప్ప కథ అల్లుకునే మనిషి గురించిన కవితా?

ఒక విద్యార్థి ఏఐతో 'ఈ కవిత సారాంశం రాసి పెట్టు' అంటాడు. వచ్చేది మొదటి అర్థమైనా కావచ్చు, రెండోదైనా కావచ్చు. రెండో అర్థం మీద కూడా విమర్శకులు బోలెడంత రాశారు గనక ఇప్పటి మోడల్స్ చాలాసార్లు అది కూడా జోడిస్తాయి. ఏది వచ్చినా విద్యార్థి 9, 10 పాదాలు చూడలేదు. చూసినవాళ్ల తీర్పు మాత్రం చేతికొచ్చింది.

ఇంకో అమ్మాయి 'రెండో చరణం తాత్పర్యం తేలిక తెలుగులో చెప్పు, వ్యాఖ్యానం వద్దు' అంటుంది. రెండు దారులూ ఒకేలా అరిగాయట అని తెలుస్తుంది. చివరి చరణం చదవగానే ఇదేంటి, ఇందాక ఇలా అనలేదే అని ఆగుతుంది. ఆ ఆగడమే మూడో పని. మొదటి పనికి సాయం తీసుకుంది కాబట్టే మూడో పని తను చేయగలిగింది. ఈ అమ్మాయిని కాపీ కొట్టింది అనడానికి నాకు నోరు రాదు. పదేళ్ల క్రితమైతే చరణం దగ్గరే చిక్కుకుని గైడు తెరిచేది.

రెండు సందర్భాల్లోనూ యాప్ ఒకటే, కవిత ఒకటే. 'ఏఐ వాడారా, లేదా' అన్న ప్రశ్న దీన్ని పట్టుకోలేదు.

కొటేషన్ గుర్తు ఎవరు పెట్టారు

ఇంకాస్త లోతుకు వెళ్తే ఇంకో చిక్కు వస్తుంది. ఇంగ్లీష్ కవి కీట్స్ గ్రీకు కలశం మీద రాసిన ఓడ్ (ఒకదాన్ని సంబోధిస్తూ రాసే కవిత) 1820లో రెండుసార్లు అచ్చయింది. 'సౌందర్యమే సత్యం, సత్యమే సౌందర్యం' అనే వాక్యం చుట్టూ ఆ ఏడాది వచ్చిన పుస్తకంలో కొటేషన్ గుర్తులున్నాయి. అంతకుముందు పత్రికలో వచ్చినప్పుడు లేవు, మిత్రులు ఎత్తిరాసుకున్న ప్రతుల్లోనూ లేవు. తర్వాతి సంపాదకుల్లో కొందరు చివరి రెండు పాదాలకూ కలిపి గుర్తులు పెట్టారు.

దీనివల్ల ఏమవుతుంది? 'భూమ్మీద మీకు తెలిసేది ఇంతే, తెలియాల్సిందీ ఇంతే' అన్న తర్వాతి మాట కలశం మనుషులతో అంటోందా, కవి పాఠకులతో అంటున్నాడా, కవి కలశంతోనే అంటున్నాడా అన్నది మారిపోతుంది. కవిత మొత్తం తలకిందులవుతుంది. విమర్శకులు వందేళ్లకు పైగా దీని మీద వాదించుకుంటున్నారు.

చాట్‌బాట్‌ను ఆ కవిత చూపించమంటే ఏదో ఒక పాఠం చూపిస్తుంది. ఏ ఎడిషన్ అని మనం అడగకపోతే సాధారణంగా చెప్పదు. అడిగినా దాని జవాబును పుస్తకంతో సరిచూసుకోవాల్సిందే. ఎందుకంటే అది పుస్తకాన్ని తెరిచి చదవడం లేదు, నేర్చుకున్న అన్ని పాఠాల కలగలుపు నుంచి రాస్తోంది. పరీక్షలో యానొటేషన్ (ఇచ్చిన పాదాల మీద వ్యాఖ్య) రాసే విద్యార్థికి ఇది పెద్ద నష్టం కాదు. పరిశోధన చేసేవాళ్లకు మాత్రం పునాది దగ్గరే లోపం.

లేని వ్యాసాలను ఉన్నట్టు చూపించడం దీనికి అన్నయ్య లాంటి జబ్బు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని కేసుల్ని కోర్టులో ఉదహరించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. సాహిత్యంలో జడ్జి ఉండడు. ఉన్న విమర్శకుడి పేరు మీద లేని వ్యాసం తగిలించి ఇస్తే పీహెచ్‌డీ థీసిస్ చివర ఏళ్ల తరబడి పదిలంగా కూర్చుంటుంది.

మేలా, కీడా: కొలిచినవాళ్లు ఏమన్నారు

తుర్కియేలో సుమారు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థుల మీద పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. సబ్జెక్ట్ లెక్కలు. మామూలు చాట్‌బాట్ ఇచ్చినవాళ్లు ప్రాక్టీసులో 48 శాతం మెరుగయ్యారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివాళ్ల కన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మార్చిన బాట్ వాడినవాళ్లలో ఆ నష్టం దాదాపు కనిపించలేదు.

2025లో ఎంఐటీ వాళ్లు 54 మందితో వ్యాసాలు రాయించి మెదడు కదలికలు కొలిచారు. చాట్‌జీపీటీతో రాసినవాళ్లలో ఎక్కువమంది కాసేపటి క్రితం తాము రాసిన వ్యాసంలోంచి ఒక వాక్యం కూడా సరిగ్గా అప్పజెప్పలేకపోయారు. ఈ ఫలితాన్ని వాట్సాప్‌లో 'ఏఐతో మెదడు పాడు' అని తిప్పారు. అంత మాట అందులో లేదు. చిన్న గుంపు, ఇతర నిపుణుల పరిశీలన పూర్తి కాకముందే బయటపెట్టిన పత్రం. వీటిలో మొదటిది లెక్కల మీద, రెండోది సాధారణ వ్యాసాల మీద. కవితకు అచ్చంగా ఇదే వర్తిస్తుందని చెప్పలేం. అయినా మన పరీక్ష పద్ధతికి మొదటిదాన్ని ఆనించి చూస్తే గుబులు పుడుతుంది. సెమిస్టర్ అంతా ఫోన్ పక్కన పెట్టుకుని చదివి, చివర్లో హాల్లో ఒంటరిగా చేత్తో రాయాలి కదా.

కవితల మీదే జరిగిన ప్రయోగం ఒకటుంది. 2024లో వచ్చింది. షేక్‌స్పియర్, ఎలియట్ లాంటి కవుల పద్యాలనూ, వాళ్ల శైలిలో ఏఐ రాసినవాటినీ కలిపి సామాన్య పాఠకులకు ఇచ్చారు. ఏది ఎవరిదో వాళ్లు గుర్తుపట్టలేకపోవడమే కాదు, ఏఐవే బాగున్నాయన్నారు. పరిశోధకుల వివరణ ఏమిటంటే, ఏఐ పద్యం చదవగానే అర్థమవుతుంది, అసలు కవి పద్యం వెంటనే లొంగదు, ఆ లొంగకపోవడాన్ని లోపంగా లెక్కపెట్టారని.

పట్టేసే సాఫ్ట్‌వేర్, పట్టుబడే పిల్లలు

అసైన్‌మెంట్ ఏఐతో రాశారో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా అంటారు. ఓపెన్‌ఏఐ స్వయంగా అలాంటిది ఒకటి పెట్టి, సరిగ్గా పని చేయడం లేదని 2023 జులైలో తీసేసింది. వాళ్ల లెక్కల ప్రకారమే అది ఏఐ రాతల్లో 26 శాతం పట్టుకుంది, మనుషుల రాతల్లో 9 శాతాన్ని ఏఐ అంది.

మనకు ఇంకా ముఖ్యమైనది అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేసిన పరీక్ష. ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లీష్ భాషా పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. సగటున 61 శాతం వ్యాసాల్ని ఏఐ రాత అని తప్పుగా గుర్తించాయి. అమెరికన్ స్కూలు పిల్లల వ్యాసాల విషయంలో దాదాపు పొరబడలేదు. కారణం తేలిక. ఈ డిటెక్టర్లలో చాలావరకు తర్వాతి మాటను ఎంత సులువుగా ఊహించవచ్చో చూస్తాయి. పరిమితమైన పదాలతో, నేర్చుకున్న వాక్యాల మూసలో రాసేవాళ్ల రాత ఊహకు దొరికిపోతుంది. గైడ్ల ఇంగ్లీష్ చదివి పెరిగిన మన విద్యార్థి సొంతంగా రాసినా, 'కవి ఎంతో అందంగా చిత్రించాడు' అన్న వాక్యంతోనే మొదలుపెడతాడు. యంత్రానికి అది యంత్రం రాతలాగే కనిపిస్తుంది. నిజంగా ఏఐతో రాయించి, ఇంకో యాప్‌తో దాన్ని 'మనిషి రాతగా' మార్పించినవాడు తప్పించుకుంటాడు.

దీనికి తోడు అంకెల గందరగోళం ఒకటి. కాపీ కొట్టడం మీద యూజీసీ పెట్టిన 2018 నిబంధనల్లో 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదని ఉంది. పరిశోధక విద్యార్థులు చాలామంది ఏఐ రిపోర్టులో 10 లోపు వస్తే చాలు అనుకుంటున్నారు. ఆ 10 శాతం వేరు. అది మీ వాక్యాలు ఇంతకుముందు అచ్చయినవాటితో ఎంత కలుస్తున్నాయో చెప్పే సిమిలారిటీ లెక్క. పక్కనే పెట్టి చూపించవచ్చు, అదిగో ఆ పుస్తకంలోది అని. ఏఐ శాతం మాత్రం ఒక అంచనా. చూపించడానికి పక్కన మూల పుస్తకం ఏదీ ఉండదు. 2018లో ఆ నిబంధన రాసేటప్పటికి చాట్‌జీపీటీ పుట్టనే లేదు.

దిద్దేవాళ్ల వైపు నుంచి

లెక్చరర్లు కూడా దీన్ని వాడుతున్నారు. లెసన్ ప్లాన్, బిట్లు, స్లైడ్లు ఇలాంటివాటికి పనికొస్తుంది, పెద్దగా చర్చ అక్కర్లేదు. పేపర్లు దిద్దించడం దగ్గర అభిప్రాయాలు చీలతాయి. ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్ అంటే అన్ని గ్రూపులకూ జనరల్ ఇంగ్లీష్ చెప్పాలి, వందల పేపర్లు. వ్యాకరణం తప్పులు యంత్రం చూస్తే టైమ్ మిగులుతుంది కదా అన్నది ఒక వాదన, అందులో న్యాయముంది. పిల్ల రాయాల్సినది యంత్రం రాయడం, యంత్రం రాసినది యంత్రం దిద్దడం అయితే మధ్యలో మనుషులెందుకు అన్నది ఇంకో వాదన. దాన్నీ కొట్టిపారేయలేం.

క్లాసులో పనికొచ్చే మార్గం ఒకటి దాదాపు వందేళ్ల నాటిది. కేంబ్రిడ్జ్‌లో ఐ.ఎ. రిచర్డ్స్ అనే విమర్శకుడు కవి పేరు లేకుండా పద్యాలు ఇచ్చి విద్యార్థులతో రాయించేవాడు. ఆ ఫలితాలను 1929లో పుస్తకంగా వేశాడు. గొప్ప కవుల్ని తీసిపారేసినవాళ్లు, నాసిరకాన్ని మెచ్చినవాళ్లు అందులో కోకొల్లలు. పేరున్న కవిత అయితే ఏఐ దగ్గర సిద్ధమైన తీర్పు ఉంటుంది. ఎవరూ వ్యాఖ్యానించని కొత్త కవితను క్లాసులోనే ఇచ్చి పది నిమిషాలు చేత్తో రాయిస్తే, ఆ తర్వాత ఏఐ ఏమందో పక్కన పెట్టి పోల్చిస్తే, ఎవరు ఏం చూశారో బయటపడుతుంది. అరవై మంది ఉన్న సెక్షన్లో ప్రతివారం కుదరదు. అసైన్‌మెంట్ మీద రెండు నిమిషాల వైవా మాత్రం కుదురుతుంది. ఈ పాదం ఎందుకు ఎత్తి రాశావమ్మా అని ఒక్క ప్రశ్న చాలు.

తెలుగు పక్కకు వచ్చేసరికి

నాగార్జున యూనివర్సిటీలో గానీ ఇంకెక్కడైనా గానీ ఇంగ్లీష్‌లో పరిశోధన చేసేవాళ్లలో కొందరు తులనాత్మక అంశాలు, అనువాదాలు తీసుకుంటారు. ఏఐ తడబాటు అక్కడ బాగా బయటపడుతుంది. షేక్‌స్పియర్ మీద దానికి వేల పుస్తకాల సరుకుంది. గుర్రం జాషువా 'గబ్బిలం' గురించి అడిగితే మొదటి రెండు వాక్యాలు బాగానే వస్తాయి: 1941, మేఘసందేశం తరహా, అంటరానివాడు శివుడికి గబ్బిలంతో కబురు పంపడం. ఫలానా పద్యం ఎత్తి చూపించు, దాని మీద అప్పట్లో ఎవరేమన్నారో చెప్పు అని లోపలికి వెళ్లే కొద్దీ పద్యాలు గణం తప్పుతాయి, జాషువా రాయని పద్యం ఆయన పేరున వస్తుంది. తెలుగు రాని రీసెర్చ్ గైడ్ (పరిశోధనకు దారి చూపే ప్రొఫెసర్) దాన్ని పట్టుకోలేరు.

కారణం మన భాషలో విమర్శ లేకపోవడం కాదు. ఉన్నది నెట్‌లో అక్షరాలుగా లేకపోవడం. పాత పత్రికల సంచికలు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలుగానే ఉన్నాయి, పాత అచ్చు తెలుగును యంత్రం తప్పుల్లేకుండా చదవడం ఇంకా కష్టమే. స్కానింగ్ కూడా కానివి ఇంకెన్నో. జాషువా మీద ఆ రోజుల్లో వచ్చిన సమీక్ష కావాలంటే ఇప్పటికీ వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్లకు వెళ్లి, పాత సంపుటాలు తీయించుకుని, కూర్చుని చేత్తో ఎత్తి రాసుకోవాల్సిందే.